మాట దిద్దే మొగుడు

నా విడాకులకి మా ఊళ్ళో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కారణం ఉంది. నా దగ్గరున్న కారణం మాత్రం ఎవరికీ నచ్చలేదు.

మా పెద్దమ్మ దృష్టిలో దోషి సెల్‌ఫోను. పెళ్ళయిన ఆడదాని చేతిలో ఫోనుంటే కాపురం నిలవదట. ఈ మాట ఆవిడ చుట్టాలందరికీ ఫోను చేసి మరీ చెప్పింది. మా చిన్నాన్న, విజయనగరంలో మేం అద్దెకున్న ఫ్లాటు గుమ్మం దక్షిణం చూస్తోందని కనిపెట్టాడు. ఆ వరసలో గుమ్మాలన్నీ దక్షిణమే చూస్తాయి, మిగతావాళ్ళంతా బాగానే ఉన్నారు కదా చిన్నాన్నా అంటే, "ఆల జాతకాలు ఏరు" అన్నాడు. ఆడపిల్లని ఉద్యోగానికి పంపడమే తప్పని ఇంకొందరు తీర్పు చెప్పారు. వాళ్ళలో ఒకాయన పోయిన వారమే తన కూతురికి మా షాపులో ఏదైనా పని చూడమని నన్ను అడిగి వెళ్ళాడు. పిల్లలు పుట్టి ఉంటే పడి ఉండేదని కొందరు. మరీ తెలివైనవాళ్ళు గొంతు తగ్గించి, "ఎవులో ఉండుంటాడు" అన్నారు. ఆ ఎవులో ఎవరో నాకు ఇప్పటిదాకా ఎదురుపడలేదు.

జరిగింది ఇది.

మాది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు. అయ్య వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలమ్మేది. నేను డిగ్రీ అయ్యాక కళ్ళు పరీక్ష చేసే కోర్సు చదివి, విజయనగరంలో ఒక కళ్ళజోళ్ళ షాపులో చేరాను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇది బాగున్నాదా, ఇందాకటిది బాగున్నాదా అని అడగడం నా పని. మా షాపుకి ఎక్కువగా పల్లెల వాళ్ళే వస్తారు. వాళ్ళ మాటలాగే నా మాట ఉండేసరికి బెరుకు లేకుండా చెబుతారు. నా మాట వల్ల నాకు ఇబ్బంది ఉంటుందని అప్పటికి నాకు తెలీదు.

మా ఆయనదీ మా కులమే. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరా తిరిగి చదివించింది. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే లెక్చరరు. చాలా ఏళ్ళు విజయవాడలో చేసి, విజయనగరం కాలేజీకి వచ్చాడు. పెళ్ళిచూపుల్లో ఆయన మాట్లాడుతుంటే మా అమ్మ నోరు తెరుచుకుని వింది. వాళ్ళు వెళ్ళాక, "ఎంత బాగ మాటాడతన్నాడే! టీవీలో వార్తలు సదివినట్టున్నాది" అని మురిసిపోయింది. నాకూ ముచ్చటగానే అనిపించింది. ఆ రోజు సిగ్గేసి నేను పెద్దగా మాట్లాడలేదు. పిల్ల మితభాషి, అందుకే నచ్చిందని ఆయన కబురు పంపాడు. మితభాషి అంటే ఏమిటని అమ్మ అడిగితే, తక్కువ మాట్లాడే పిల్ల అని చెప్పాను. అమ్మ పడీపడీ నవ్వింది. అమ్మకి నా సంగతి తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున్న, "బావా, టిపినీ సేస్తావా?" అని అడిగాను. మా వైపు మొగుణ్ణి బావా అనే పిలుస్తాం. ఆయన పేపరు మడిచి, చూపుడువేలు ఒకటి పైకెత్తాడు. క్లాసులో పిల్లలు తప్పు చెబితే అలా ఎత్తుతాడని తర్వాత తెలిసింది.

"బావ కాదు. ఏవండీ. టిపినీ కాదు, టిఫిను. సేస్తావా కాదు, చేస్తారా. ఏదీ, అను."

నేను నవ్వి, "ఏవండీ, టిఫిను చేస్తారా?" అన్నాను. ఆయన కూడా నవ్వి, "చేస్తాను" అన్నాడు. సరసం అనుకున్నాను. కొత్త పెళ్ళికూతురికి ఏది చేసినా సరసంలాగే కనిపిస్తుంది కదా.

అది సరసం కాదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆయన పద్ధతి ఏమిటంటే, నేను సరిగ్గా చెప్పేదాకా జవాబివ్వడు. కోప్పడడు, గొంతు పెంచడు. వేలు ఎత్తి ఎదురుచూస్తాడు. "నీల్లు కాగిపోనాయి, తానానికి లెగండి" అంటే కదలడు. "నీళ్ళు కాగాయి, స్నానానికి లేవండి" అంటేనే తువ్వాలు భుజాన వేసుకుంటాడు. గ్యాసు అయిపోయిందని చెప్పినా, ఇంటాయన వచ్చాడని చెప్పినా, నాకు జ్వరంగా ఉందని చెప్పినా ముందు దిద్దుబాటు, తర్వాతే సంగతి. "ఒల్లు కాలిపోతన్నాది" అన్న రోజు కూడా "ఒళ్ళు" అని చెప్పించుకునే నుదుటి మీద చెయ్యి వేశాడు.

మెల్లగా నాకో జబ్బు పట్టుకుంది. ఏదైనా అనే ముందు లోపల ఒకసారి అనుకుని చూసుకోవడం. పొయ్యి మీద పాలు కళ్ళెదుట పొంగుతుంటే, పొంగిపోతన్నాయి అనాలా, పొంగిపోతున్నాయి అనాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను ఒకసారి. పాలు నాకోసం ఆగలేదు. ఇంటికి వచ్చే దారిలో చూసిన వింతలు, షాపులో నవ్వొచ్చిన సంగతులు ఆయనకి చెప్పాలని గుమ్మం దాకా తెచ్చుకునేదాన్ని. లోపలికి వచ్చి వాటిని ఆయన భాషలోకి సర్దేసరికి వాటిలో నవ్వు ఉండేది కాదు. చెప్పడం మానేశాను. నేను పుస్తకాల భాష రాయలేక కాదు. ఇప్పుడు రాస్తున్నది అదే కదా. ఇది బడిలో నేర్చుకున్నాను, ఆయన దగ్గర కాదు. కానీ పాలు పొంగినప్పుడు అరవడానికి పుట్టిన మాటలు వేరే ఉంటాయి.

ఆయన ఇలా ఎందుకయ్యాడో ఆయనే చెప్పాడు ఒకసారి, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు. విజయవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో బోర్డు చూపించి "ఇక్కడ సూడండి" అన్నాడట. పిల్లలు గొల్లుమన్నారట. స్టాఫ్‌రూములో తోటి లెక్చరర్లు కూడా, ఏటి సారూ, ఎలగున్నారు సారూ అని వెక్కిరించేవారట. రూములో అద్దం ముందు నిలబడి మాట మార్చుకున్నాడట.

ఇది విన్నవాళ్ళు ఎవరైనా పాపం అంటారు. నేనూ అన్నాను. కానీ ఆ నవ్వినవాళ్ళని ఒక్క మాట అనలేక, పైగా వాళ్ళతోనే చేతులు కలిపి, వాళ్ళ వెక్కిరింతని జాగ్రత్తగా మూటగట్టుకుని ఇంత దూరం మోసుకొచ్చి, ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళ మీద విప్పిన మగవాడి మీద జాలి ఎన్నాళ్ళు నిలుస్తుంది? నాకు ఏడాది నిలిచింది. అది కూడా ఎక్కువే.

రెండో ఆడమనిషి మా అత్త. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆవిడకి నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. కొడుకు ఇంట్లో ఉన్నంతసేపూ నోరు విప్పేది కాదు. అన్నం పెట్టమంటావా అని ఆయన అడిగితే తల ఊపేది, మందులు వేసుకున్నావా అంటే తల ఊపేది. ఆయన కాలేజీకి బయల్దేరి మెట్లు దిగాక మాత్రం, "ఒలే గుంటా, ఆడెల్లిపోనాడా?" అని వంటింట్లోంచి వచ్చేది. మా వైపు గుంట అంటే పిల్ల. ఇక ఆవిడ నోటికి అడ్డు ఉండేది కాదు. ఏ ఊళ్ళో ఎవరు కవళ్ళ చేపలు బేరమాడి కొనేవారు, ఏ ఇంటి కోడలు అత్తకి తెలియకుండా గంపలోంచి రెండు కానాగంత చేపలు తీసుకునేది, ఏ ఊరి కుక్క తనని చూడగానే గంప వెనకాలే నడిచేది, అన్నీ చెప్పేది. నాకు షాపుకి వేళయిపోయేది. చేపల మార్కెట్‌కి ఆవిడతో వెళ్తే సంత సంతంతా నవ్వేది. గంటల తరబడి ఊరూరా మాటలమ్మి చేపలు కూడా అమ్మిన మనిషి ఆవిడ. ఆ మాటలతోనే కొడుకుని ఫిజిక్స్ చదివించింది. ఆ కొడుకు సాయంత్రం తలుపు తట్టగానే మళ్ళీ తల ఊపడం మొదలుపెట్టేది.

ఒకసారి ఆయనతో కాలేజీలో పనిచేసే ఒకాయన గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఇంటావిడ గుత్తొంకాయ వడ్డించింది. నిజంగానే బాగుంది. ఆలోచించుకోకుండా, "కూర సానా బాగున్నాదండి, ఏటేసినారు?" అన్నాను. ఆవిడ సంతోషంగా ఏదో చెప్పబోయింది. అందరికంటే ముందు మా ఆయన నవ్వాడు.

"మా ఆవిడది ఒరిజినల్ యాస. సినిమాల్లో కామెడీకి పెట్టుకోవచ్చు. ఏదీ, ఇంకోసారి అను, వీళ్ళు వింటారు."

పంక్తిలో కూర్చున్నవాళ్ళు నా వైపు తిరిగారు. ఒకాయన, "అనండి మేడం, మాకు సరదా" అన్నాడు. ఇంటావిడ ఒక్కత్తే గరిట పట్టుకుని ఇబ్బందిగా నిలబడింది. నేను ఆకులో చెయ్యి పెట్టి తలొంచుకున్నాను. ఇంటికొచ్చే దారిలో బండి మీద ఆయన నాకు పాఠం చెప్పాడు. నలుగురిలో తలవంపులు తెచ్చానట. ఇంకోసారి అను అని నలుగురిలో అడిగింది తానేనని ఆయనకి గుర్తు లేదు. అంటే ఆయన ఇంట్లో నేను మాట్లాడకూడదు, ఆయన స్నేహితుల ముందు మాత్రం మాట్లాడి నవ్వించాలి. కోతిని ఆడించేవాడు కూడా ఆట అయ్యాక కోతిని తిట్టడు.

ఇవన్నీ పడ్డాను. మూడో ఏడు నడుస్తోంది. ఒక ఆదివారం పొద్దున్న తమ్ముడు ఫోను చేశాడు. అయ్య ఒడ్డు మీద వల దులుపుతూ పడిపోయాడట, పిలిస్తే పలకడం లేదట, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారట. ఆయన హాల్లో బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నేను పరుగున వెళ్ళి ఊపిరి తీసుకోకుండా అన్నాను.

"మా అయ్య పడిపోనాడంట. తెలివి నేదంట. బేగి లెగండి, ఎల్దాం."

ఆయన ఎర్ర పెన్ను పక్కన పెట్టి, వేలు ఎత్తాడు.

"పడిపోయాడట. స్పృహ లేదట. త్వరగా. కంగారు పడకు. ఒక్కసారి సరిగ్గా చెప్పు, అప్పుడు వెళ్దాం."

ఇప్పుడు రాస్తుంటే చెంప పగలగొట్టాల్సింది అనిపిస్తుంది. అప్పుడు నేను చేసింది అది కాదు. "మా నాన్న పడిపో..." అని మొదలుపెట్టాను. అలవాటు అంత పని చేస్తుంది. సగం మాటలో ఆగిపోయాను. ఆ సగం మాట నోట్లో పట్టుకుని ఆయన మొహం చూశాను. ఆయన మొహంలో కోపం లేదు, క్రూరత్వం లేదు. మిగతా సగం కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు, మంచి మాస్టారిలాగ. నాకు ఆ మనిషి మీద భయం, గౌరవం, జాలి, ప్రేమ అని ఏవేవి ఉన్నాయో అన్నీ ఆ క్షణాన పోయి, రోత ఒక్కటే మిగిలింది.

మా అత్త వంటింట్లోంచి వచ్చింది. నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. కొడుకు ఎదుట ఆవిడ మాట్లాడగా మొదటిసారి విన్నాను.

"ఎల్లమ్మా, నువ్వు బేగెల్లు. ఆడి కోసం సూడకు."

ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్సుకి, అక్కణ్ణించి బస్సులో భోగాపురం వెళ్ళాను. అయ్యకి షుగరు పడిపోయిందట. సెలైను ఎక్కించాక మధ్యాహ్నానికి లేచి కూర్చుని టీ అడిగాడు. సాయంత్రం మా ఆయన యాపిల్ పళ్ళ కవరుతో వచ్చి, మంచం పక్కన నిలబడి, "మామయ్యగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?" అని పలకరించాడు. మా అయ్య పొంగిపోయాడు. నర్సుని పిలిచి, "మా అల్లుడు, లెచ్చరరు" అని చెప్పుకున్నాడు. పద వెళ్దాం అని ఆయన నాతో అన్నప్పుడు, నేను రానన్నాను. అయ్యకి తోడుండడానికి అనుకుని ఆయన వెళ్ళిపోయాడు. వారం గడిచినా నేను వెళ్ళలేదు. మా ఊరినుంచే షాపుకి వెళ్ళి రావడం మొదలుపెట్టాను. అప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు.

మా ఊరి తుఫాను షెల్టరు వరండాలో కుర్చీలు వేశారు. మా చిన్నాన్న, మా ఆయన మేనమామ, ఊరి పెద్ద ఒకాయన, పాత సర్పంచి. నలుగురూ మీసాలు సర్దుకుని కూర్చున్నారు. మా ఆయన ఒక పక్క, నేను మా అమ్మతో ఒక పక్క. మా అత్త చివర గోడకానుకుని నేల మీద కూర్చుంది.

"కొట్నాడేటమ్మా?" అని ఊరి పెద్ద అడిగాడు.

"నేదు."

"తాగొస్తాడా?"

"నేదు."

"ఇంకో ఆడదున్నాదా?"

"నేదు."

"జీతం ఇంట్లో ఇవ్వడా? కూడు పెట్టడా?"

"అన్నీ సేస్తాడు."

"మరేటమ్మా నీకొచ్చిన కష్టం?"

చెప్పాను. మొదట్నించి, అయ్య పడిపోయిన రోజు దాకా చెప్పాను. ఎన్నాళ్ళకో అంతసేపు ఆపకుండా మాట్లాడాను. నేను ముగించేసరికి నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత సర్పంచి ముందు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు.

"సదువుకున్నోడు, మంచి బాస నేర్పుతన్నాడు. నేర్సుకుంటే నీకే మంచిది కదేటి? మీ అయ్య బతికే ఉన్నాడు, టీ తాగుతన్నాడు. అదీ ఒక కారణమేటి?" అన్నాడు పాత సర్పంచి.

"ఆడు తిడితే తిట్నాడంతావు, కొడితే కొట్నాడంతావు. బాగ మాటాడితే బాగ మాటాడతన్నాడంతావా?" అన్నాడు మా చిన్నాన్న. నా తరఫున వచ్చిన మనిషి ఆయన.

వాళ్ళు నలుగురూ అలా గంటసేపు మాట్లాడారు. అచ్చంగా నాలాగే మాట్లాడారు. ఏటి, సెప్పు, సూడు, నేదు. నేను మా ఆయన చెయ్యి వంక చూస్తూ కూర్చున్నాను. ఆ చూపుడువేలు ఒక్కసారి కూడా లేవలేదు. చేతులు కట్టుకుని, "అవునండీ, నిజమేనండీ" అంటున్నాడు. ఆయన గొప్ప భాషాభిమానానికి మీసాలంటే భయం ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

అప్పుడు మా అత్త లేచి నిలబడింది.

"బాబూ, నానొక మాటంతాను. ఈ గుంట అబద్దమాడ్డం నేదు. నాను నా కొడుకుతో మాటాడ్డం మానీసి సానా కాలమైనాది. ఏటన్నా తప్పేనంతాడు. ఊరూరా తిరిగి ఆణ్ణి సదివించినాను. ఇప్పుడు ఆడింట్లో నాకు నోరు నేదు. తలకాయ ఊపుకుంటా బతుకుతన్నాను. నానంటే ముసల్దాన్ని. ఇది సిన్న గుంట. దీన్నొగ్గీండి, పోనీండి."

వెంటనే మా ఆయన మేనమామ, "మొగుడూ పెల్లాల గొడవల్లో నువ్వెందుకప్పా దూరతావు? కూకో" అన్నాడు. మా ఆయన, "అమ్మా, నువ్వు ఊరుకో" అన్నాడు. ఆవిడ కూర్చుంది. తీర్పు ఏమిటంటే, నేను కాపురానికి వెళ్ళాలి, ఆయన కొంచెం తగ్గాలి. ఎంత తగ్గాలో, దేంట్లో తగ్గాలో ఎవరూ చెప్పలేదు. పెద్దమనుషులు చేపల పులుసుతో భోజనం చేసి వెళ్ళారు. నేను వెళ్ళలేదు.

లాయరు దగ్గరికి వెళ్తే ఆయన ఇంకో రకం. అంతా విని, పెన్ను మూత తీసి, "ఇది కోర్టులో నిలబడదమ్మా. ఒక్క చెంపదెబ్బైనా ఉందేమో గుర్తు చేసుకో" అన్నాడు. లేదన్నాను. "తోసినట్టు? జుట్టు పట్టుకున్నట్టు?" లేదన్నాను. లాయరు నిట్టూర్చాడు. చదువుకున్న మొగుడు ఒక్క దెబ్బైనా వెయ్యకుండా నా కేసు పాడుచేశాడని ఆయన బాధ. లేని దెబ్బ రాయించడానికి నేను ఒప్పుకోలేదు. ఉన్నదే రాయమన్నాను.

కోర్టు వాళ్ళు ముందు కౌన్సిలింగుకి పంపారు. ఒక పెద్దావిడ, మర్యాదగా మాట్లాడే మనిషి, మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. కాపురం అన్నాక సర్దుకోవాలని, మాట అన్నది చాలా చిన్న విషయమని చెప్పింది.

"సిన్న విషయమైతే ఆయన్నే మానుకోమనండి" అన్నాను.

ఆవిడ ఫైలు తిరగేసింది. కాసేపటికి తలొంచుకునే అడిగింది. "ఆఖరిసారి అడుగుతున్నానమ్మా. ఆయనతో వెళ్తావా?"

"నాను ఎల్లనండి."

"నేను వెళ్ళను" అన్నాడు మా ఆయన.

ఆవిడ చటుక్కున తలెత్తింది. "మీరు కూడా వెళ్ళనంటున్నారా? ఇందాక తీసుకెళ్తానన్నారు కదా?"

"అబ్బే, అది కాదండీ. నేను... తను అన్నదాన్ని..." అని ఆగిపోయాడు. చూపుడువేలు ఇంకా గాల్లోనే ఉంది. అది ఎత్తినట్టు ఆయనకే తెలీదు. దాన్ని చూసుకుని, ఒళ్ళోకి దించుకున్నాడు.

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఆయన వైపు, నా వైపు, మళ్ళీ ఆయన వైపు చూసింది. పెన్ను కింద పెట్టింది. "ఇక్కడ కూడానా బాబూ?" అంది. అంతే. ఇంక చిన్న విషయమన్న మాట ఆవిడ నోట రాలేదు.

ఆ తర్వాత ఆయన పరస్పర అంగీకారానికి ఒప్పుకున్నాడు. నా మీద దయతో కాదు. కేసు నడిస్తే ఇదంతా కాలేజీలో తెలుస్తుందని. స్టాఫ్‌రూములో మళ్ళీ నవ్వుతారని ఆయన భయం. ఒకప్పుడు మాట మార్చుకున్నవాడు ఈసారి భార్యని వదులుకున్నాడు. కాగితాల్లో మా ఇద్దరికీ మధ్య మనస్పర్థలు అని రాశారు. ఎంత అందమైన మాట! దాన్ని పలికినప్పుడు ఎవరూ దిద్దక్కర్లేదు. దాని కింద ఏమున్నా కనపడదు.

మా అత్త ఆయన దగ్గర ఉండలేదు. కళింగపట్నం వైపు కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఈ వయసులో మళ్ళీ గంప ఎత్తలేదు గానీ, సంత రోజున కూతురి పక్కన కూర్చుని బేరాలు చూస్తుంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. గంటకి తక్కువ పెట్టదు. కోర్టు నాకు విడాకులిచ్చింది ఆయన నుంచే, ఆవిడ నుంచి కాదు కదా.

ఏడాది తిరక్కుండా మా షాపుకి ఒకాయన వచ్చాడు. అయిదు పదులు దాటిన మనిషి, ఎండకి కమిలిన మొహం. కుర్చీలో కూర్చోబెట్టి ఫ్రేము తగిలించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తల్లీ, నాను కల్ల కోసం రానేదు. ఆ లెచ్చరరు బాబుకి మా పిల్లనిద్దావనుకుంతన్నాం. నువ్వైతే నిజం సెప్తావని ఎవులో సెప్పినారు. ఏటి ఆడిలో లోపం?"

మంచి తండ్రి అనుకున్నాను. ఇంత దూరం వచ్చి, మొదటి పెళ్ళాన్ని వెతుక్కుని, మొహమాటం లేకుండా అడిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు? పనిలో ఉన్నా స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పాను. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. ఆయన కనురెప్ప వెయ్యకుండా విన్నాడు. అయ్యాక, గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు.

"అంతేనా తల్లీ? నాను తాగుడేమో, ఆడదేమో, ఏ రోగమో అని హడలి సచ్చిపోనాను. బతికించినావు."

"మీ పిల్ల ఎలగుంటాది?" అని అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "అదా? వసపిట్ట. దాని నోరు మూతపడదు. ఒడ్డుకొచ్చి కబుర్లు మొదలెట్టిందంటే వల లాగేవోలు కూడా లాగడం మానీసి ఇంటారు. అది లేకపోతే మా ఇల్లు ఇల్లు నాగుండదు."

"మరి ఆ పిల్లనా ఇస్తారు?"

"పెల్లైతే అదే తగ్గుతాది తల్లీ" అన్నాడు. చాలా ప్రేమగానే అన్నాడు. తర్వాత, వచ్చాడు కాబట్టి కళ్ళు కూడా చూసెయ్యమన్నాడు. దగ్గర చూపు బాగా తగ్గింది. అద్దాలు రాశాను. వెళ్ళేటప్పుడు మా షాపు కార్డు మీద నా నంబరు రాసి, మీ పిల్లకివ్వండి, ఒకసారి మాట్లాడాలి అన్నాను. అలాగే అని జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఫోను నాకు రాలేదు.

మొన్న మా అత్త ఫోను చేసినప్పుడు ఆ పెళ్ళి అయిపోయి కొన్ని నెలలైందని తెలిసింది. క్షేమం కనుక్కోవడానికి కొడుకు ఇంటికి వెళ్ళి రెండు రోజులుండి వచ్చిందట.

"కోడలెలగున్నాది అత్తా?" అని అడిగాను.

గంటకి తక్కువ మాట్లాడని మనిషి ఈసారి ముక్తసరిగా చెప్పింది.

"బాగున్నాదమ్మా. పక్కింటోలందరూ మెచ్చుకుంతన్నారు. సానా నెమ్మదంట. పిల్ల ఇంట్లో ఉన్నట్టే తెలవదంట."